అమ్మ అడిగిన అడవి

పోయిన చలికాలంలో బిలాస్‌పూర్ వెళ్ళి తమ్ముడి దగ్గర పది రోజులున్నాను. వాడిప్పుడు తిఫ్రాలో సొంతిల్లు కట్టుకున్నాడు. ఒక సాయంత్రం వాడి పిల్లలిద్దరూ సోఫాలో చేరగిలబడి, ఫోనులో బొమ్మలు చూసుకుంటూ, వచ్చే ఆదివారం పులుల్ని చూడ్డానికి ఏ పార్కుకి పోవాలా అని వాదించుకుంటున్నారు. మేనకోడలు కన్హా అంటుంది, మేనల్లుడు బాంధవ్‌గఢ్ అంటాడు. మాటలన్నీ హిందీలోనే. ఎటూ తేలక వాడు వంటింటివైపు తిరిగి, "మమ్మీ, తుమ్ బోలో" అని కేకేశాడు. మా మరదలు రొట్టెలు వత్తుతూనే, "నాదేముంది, మీ ఇష్టం" అంది. ఆ మాటకి తమ్ముడు నా వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు. నేను లేచి వరండాలోకి వెళ్ళి, చలిలో చాలాసేపు నిలబడ్డాను. మా అమ్మ అలా అనలేదు. తన ఇష్టమేదో నోరు విప్పి చెప్పింది, అదీ ఒకసారి కాదు, మూడుసార్లు. మేమే వినలేదు.

అప్పట్లో మేము రైల్వే కాలనీలో రెండు గదుల క్వార్టరులో ఉండేవాళ్ళం. నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. ఆయన డ్యూటీ దిగి వస్తున్నాడంటే మనిషికన్నా ముందు వాసన వచ్చేది, గ్రీజు, ఇనుము, చెమట కలిసిన వాసన. పెరట్లో కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని ముందు కిరసనాయిలుతో, తర్వాత బట్టల సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో నలుపు మిగిలే ఉండేది. అమ్మ బొగ్గుల సిగిడీ బయట ముట్టించి, పొగ పోయి నిప్పు ఎర్రబడ్డాక లోపలికి తెచ్చేది. చలికాలపు పొద్దుటిపూట కాలనీలో ప్రతి గుమ్మం ముందూ ఒక సిగిడీ పొగ చిమ్ముతుండేది, ఆ పొగలో పక్క క్వార్టరు కూడా ఆనేది కాదు. మధ్యాహ్నమైతే మంచాలన్నీ ఎండలోకి వచ్చేవి. ఆడవాళ్ళు బుధవారీ బజారు నుంచి తెచ్చిన బఠాణీ కాయలు ఒలుస్తూ, స్వెట్టర్లు అల్లుతూ, శ్రీకాకుళంలోని చుట్టాల సంగతులు బిలాస్‌పూర్ ఎండలో ఆరబోసేవాళ్ళు. మా గోడ పక్కవాళ్ళు సింహాచలం మావయ్య, పైడమ్మ అత్త. చుట్టరికం ఏమీ లేదు గాని, ఇటు కూర అటు, అటు పులుసు ఇటు వెళ్ళని రోజు లేదు.

అమ్మ బిలాస్‌పూర్‌లో పెరిగిన మనిషి కాదు. మా తాతయ్య, అంటే అమ్మ నాన్న, పార్వతీపురం దగ్గర్నుంచి వచ్చి గాంగ్‌మన్‌గా చేరి, కట్నీ లైనులో భన్వర్‌టోంక్ దగ్గర, కొండల మధ్య పట్టాలు చూసుకునే పనిలో పన్నెండేళ్ళు గడిపాడు. స్టేషనంటే ఒక గది, ఒక దీపం, చుట్టూ అడవి. అమ్మ పుట్టింది అక్కడే, పదకొండేళ్ళు వచ్చేదాకా పెరిగిందీ అక్కడే. బడి లేదు, తోటి ఆడపిల్లలు లేరు. గోండుల ఇళ్ళకి వెళ్ళి ఆడుకునేది. ఏ నెలలో ఇప్పపూలు రాలతాయో, తునికి పళ్ళు ఏ గుట్ట మీద తియ్యగా ఉంటాయో, సరయి చెట్లు పూసినప్పుడు కొండంతా ఎలా తెల్లబడిపోతుందో, పప్పు రుబ్బుకుంటూ తనలో తాను చెప్పుకున్నట్టు చెప్పేది. మేము వినేవాళ్ళం కాదు. మాకు బయట సినిమా పాటలుండేవి, స్కూలు స్నేహాలుండేవి. గాంగ్ క్వార్టరులో పెరిగానని అమ్మ నలుగురిలో అంటే నాకు సిగ్గేసేది కూడా.

నేను పన్నెండో క్లాసు చదువుతున్న ఏడాది అది. సింహాచలం మావయ్య చిన్నాన్న కొడుకొకడు తిఫ్రాలో లారీల వ్యాపారం పెట్టుకుని, దానికి తోడు ఒక జీపు కొన్నాడు. చలికాలంలో ఒక ఆదివారం జీపు ఇస్తాను, డ్రైవరునీ ఇస్తాను, ఎక్కడికైనా పోయి రండి అన్నాడు. రైల్వే పాసు మీద పూరీ, సింహాచలం, ఇంకా నాయనమ్మ ఊరు తప్ప మరేమీ చూడని వాళ్ళకి అది పెద్ద సంగతి. ఆ పదిహేను రోజులూ రెండు ఇళ్ళలో అదే మాట. నాన్న, మావయ్య మా పెరట్లో మంచం మీద కూర్చుని, షెడ్డులో ఇంజను విప్పి చూసినంత శ్రద్ధగా దారులు లెక్క వేసేవాళ్ళు. బాంధవ్‌గఢ్‌లో పులులు జాస్తి, కానీ ఒక్క రోజులో పోయి రావడం కుదరదు. కన్హా కవర్ధా మీదుగా పోతే తెల్లారేలోగా బయల్దేరి రాత్రికి ఇల్లు చేరొచ్చు. నా స్నేహితురాలు రేఖ అంతకుముందు ఏడాదే కన్హా వెళ్ళి వచ్చి, దాని గురించి క్లాసులో నెల రోజులు చెప్పింది. నేను కన్హా తప్ప ఇంకో పేరు ఎత్తనిచ్చేదాన్ని కాదు.

ఒక సాయంత్రం అమ్మ టీ గ్లాసులు తెచ్చి, ఒకటి నాన్నకిచ్చి, రెండోది మావయ్య చేతిలో పెట్టబోయి చేతి పక్కన గాలిలో వదిలేసింది. గ్లాసు రాతి మీద పడి బద్దలైంది. "కళ్ళు నెత్తికెక్కాయేటి?" అని నాన్న కసిరాడు. అమ్మ పెంకులు ఏరుకుంటూ, తల ఎత్తకుండా అంది.

"అచానక్‌మార్ ఎల్దామా? కోటా దాటితే అడివే. దగ్గిర కూడాను."

నాన్న నవ్వాడు. "అదేమైనా నేషనల్ పార్కేటి? కోటా సంతకెల్లినట్టుంతాది. జీపు దొరికింది కదాని ఇంటి ఎనకాలికి పోతామా?"

"మా గాంగ్ క్వార్టరుకి ఆ అడివి దగ్గిరే. ఓసారి సూద్దారని."

"అచ్ఛా, సూద్దాం లే" అని నాన్న మళ్ళీ దారుల లెక్కలో పడ్డాడు.

రెండోసారి, అన్నాలు తింటున్నప్పుడు అడిగింది. తమ్ముడు శ్రీను పన్నెండేళ్ళవాడు, ఆ నెలంతా అన్నంలో రాళ్ళు వస్తున్నాయని గోల పెట్టేవాడు, ఏరినవి పళ్ళెం అంచున వరసగా పేర్చి అమ్మకి చూపించేవాడు. ఆ పూట కూడా అదే నవ్వులాటలో అమ్మ మాట కొట్టుకుపోయింది. మూడోసారి నన్నొక్కదాన్నే అడిగింది. సూదిలో దారం ఎక్కించమని నా దగ్గరికి వచ్చింది. అప్పటికి కొన్నాళ్ళుగా నాచేతే ఎక్కించుకుంటోంది. నేను దారం ఎక్కిస్తుంటే పక్కన కూర్చుని, మెల్లగా, బతిమాలుతున్నట్టు అంది.

"ఒలే, నువ్ సెప్తే మీ నాన్న వింటాడే. అచానక్‌మార్ అని సెప్పవే. నా కళ్ళతో ఓసారి సూసీసి వొచ్చెస్తాను. తర్వాత మీకు కావలసిన కాడికి ఎల్లండి."

దానికి నేనిచ్చిన జవాబు ఈ వయసులో కూడా చెవుల్లో వినబడుతుంది. "నీకేం తెలుసమ్మా? నువ్వు చూసిందంతా గాంగ్ క్వార్టరు వెనక పొదలే కదా. దాని కోసం జీపు ఎందుకు?" అన్నాను. సూది చేతికిచ్చాను. అమ్మ తీసుకుంది. "పోనీలే, అడివి ఏదైతేనేటి, అన్నీ సెట్లే కదా. కన్హాయే ఎల్దాం" అంది. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు. మర్నాటి నుంచి ప్రయాణానికి చేగోడీలు చుట్టడం మొదలుపెట్టింది.

జీపులో డ్రైవరుతో కలిపి తొమ్మిదిమంది. మేం నలుగురం, మావయ్య, అత్త, వాళ్ళ మగపిల్లలు ఇద్దరు. లెక్క సరిపోయింది. కానీ నేను ఎవరికీ చెప్పకుండా రేఖని రమ్మన్నాను. దాని దగ్గర గొప్ప కోసమే పిలిచానని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఎలాగో సర్దుకుంటారులే అనుకున్నాను. ఆ ఆదివారం తెల్లవారుజామున, పొగమంచులో జీపు లైట్లు వెలుగుతుండగా, వాళ్ళ అన్నయ్య సైకిలు మీద రేఖ దిగింది. ఎర్ర కోటు వేసుకుంది. అందరూ నా వంక చూశారు.

అమ్మ అప్పటికే తయారై ఉంది. ఆకుపచ్చ నేత చీర కట్టుకుంది, దాని మీద నాన్న పాత స్వెట్టరు. పులిహోర, పూరీలు, బంగాళాదుంప కూర, చేగోడీల డబ్బా అన్నీ సంచుల్లో సర్దింది. రాత్రి నిద్ర పోయినట్టు లేదు, అయినా మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోతోంది. డ్రైవరు మనుషుల్ని లెక్కపెట్టుకుని, చిల్ఫీ ఘాట్ రోడ్డు మంచిది కాదు, తొమ్మిదిమందికి మించి ఎక్కించుకోను అన్నాడు. ఎంత చెప్పినా వినలేదు.

నాన్న నన్ను చూశాడు. "పిలిసే ముందు అడగక్కర్లేదేటి?"

రేఖ ముందు ఆ మాట అనేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. నేను నేల చూపులు చూస్తున్నాను. పైడమ్మ అత్త జీపులోంచి దిగిపోయింది. "నానుండిపోతాను. అప్పా, నువ్వెల్లు. నువ్వు తప్పకుండా ఎల్లాల" అంది. ఆ 'తప్పకుండా' అనేమాట ఎందుకో గట్టిగా అంది. అమ్మ చప్పున ఆమె చెయ్యి పట్టుకుని నొక్కింది.

"నీ పిల్లలు నువ్వు నేకపోతే ఉంటారేటి? నాకు జీపంటేనే తల తిరుగుతాది. మీరెల్లండి, పొద్దెక్కిపోతాది" అంటూ స్వెట్టరు విప్పి శ్రీనుకి తొడిగింది. నాన్న గొణిగాడు, "ఒచ్చే ఏడు అచానక్‌మార్ తీసుకెల్తాను లే" అన్నాడు. అమ్మ తలూపింది. నేను రేఖ పక్కన ఎక్కి కూర్చున్నాను. నేను దిగుతాను అని నాకు నోరు రాలేదు. ఆ మాట నా మనసులోకే రాలేదు.

జీపు కదిలి, మా క్వార్టరు దాటగానే ఎడమవైపు రోడ్డుకి తిరిగింది. వెనక్కి చూస్తే అమ్మ గేటు దగ్గర నిలబడి చెయ్యూపుతోంది. కానీ మా వైపు కాదు. ఎదురుగా ఉన్న ఖాళీ రోడ్డుకేసి, అక్కడ జీపు ఉన్నట్టే, ఊపుతూ ఉంది. "అమ్మ చూడవే, ఎవరికి టాటా చెప్తోందో" అని శ్రీను నవ్వాడు. నేనూ నవ్వాను. పైడమ్మ అత్త మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయింది. ప్రయాణం పడదేమో అనుకున్నాం.

కన్హా ఎలా ఉంది అంటే నా దగ్గర చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మంచు వల్ల ఆలస్యంగా చేరాం. గేటు దగ్గర చాలాసేపు ఆపేశారు. లోపల పసుపు రంగు గడ్డి మైదానాలు, దూరంగా కొమ్ముల జింకల మంద, ఒక నెమలి. పులి కనబడలేదు. పోయినసారి ఇంతకన్నా బాగుంది అంది రేఖ. పులిహోర అందరూ మెచ్చుకున్నారు. తిరిగి వచ్చేసరికి బాగా పొద్దుపోయింది. అమ్మ సిగిడీ మీద వేణ్ణీళ్ళు కాచి ఉంచింది. గుమ్మంలోనే అడిగింది, "ఏటేటి సూసేరు?" అని. "ఏం లేదమ్మా, నిద్రొస్తోంది" అన్నాను. శ్రీనుని అడిగింది, "సరయి సెట్లు ఉన్నాయేట్రా?" అని. వాడికి తెలియదు. వాడు అప్పటికే మంచం మీద వాలిపోయాడు.

నా పరీక్షలు రెండు రోజుల్లో ఉన్నాయనగా, అమ్మ బజారు నుంచి వస్తూ స్టేషను మీది బ్రిడ్జి మెట్ల మీద నుంచి దొర్లి పడింది. చెయ్యి విరిగింది. ఎవరో పోల్చి ఇంటికి కబురు పంపారు. కట్టు కట్టించుకుని వచ్చాక, ఇంతింత మెట్లు కనబడలేదా అని నాన్న కేకలేస్తుంటే, పైడమ్మ అత్త ఇక ఊరుకోలేకపోయింది. మా గుమ్మంలోకి వచ్చి నిలబడి ఏడుస్తూ చెప్పేసింది.

"నేదు బావా, కనబడనేదు. అప్పకి పక్క సూపు ఎప్పుడో పోయింది. దీపావలికి ముందు కాలనీలో కళ్ళ డాక్టర్లు ఒచ్చినప్పుడు నానే తీసుకెల్లేను. నీటికాసులంట. పోయిన సూపు మరి రాదు, మిగిలింది నిలబడాలంటే పెద్దాసుపత్రికి బేగి ఎల్లమన్నారు. పిల్ల పరీచ్చలు అయ్యేదాకా ఎవరికీ సెప్పకని నాచేత ఒట్టేయించుకుంది. ఈలోగా ఓసారి ఆ అడివి సూసుకుంతానంది, అంతే. అదొక్కటే అంది."

నాన్న పెరట్లోకి వెళ్ళి కుళాయి దగ్గర కూర్చున్నాడు. ఆ రోజు ఆయనకి డ్యూటీ లేదు, చేతులకి గ్రీజు లేదు, అయినా సబ్బు తీసుకుని చేతులు రుద్దుకుంటూనే ఉన్నాడు. చాలాసేపటికి లోపలికి వచ్చి, అమ్మ ముందు కూర్చుని, "నాకెందుకు సెప్పనేదు?" అన్నాడు. ఈసారి అరవలేదు. అమ్మ, "సెప్తే ఆ పూటే ఆసుపత్రికి బయల్దేరతారు. పిల్లలు జీపని ఎంత సంబరపడ్డారు!" అంది. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. అన్నంలో రాళ్ళు, పగిలిన గ్లాసు, సూదిలో దారం, అన్నీ ఒక్కొక్కటే వచ్చి నా ముందు నిలబడ్డాయి. పరీక్షలు ఎలా రాశానో తెలియదు.

విశాఖపట్నం తీసుకెళ్ళారు, ఆపరేషన్ చేయించారు. కుడి కన్ను అప్పటికే అయిపోయింది. ఎడమ కన్ను రెండేళ్ళు నిలిచింది. ఆ రెండేళ్ళలో ఒక్క ఆదివారం అమ్మని కోటా దాటించి ఉండొచ్చు. ఒక చలికాలం కట్టు, మందులు అన్నారు, దుమ్ము తగలకూడదన్నారు. మరుసటి చలికాలం నాకు పెళ్ళి. పెళ్ళయ్యాక చూద్దాం అన్నాడు నాన్న. పెళ్ళి పీటల మీద నన్ను అమ్మ ఒక కంటితో చూసింది, ఆ చూపుతో చివరగా చూసిన పెద్ద వేడుక అదే. వేసవి దాటేసరికి ఆ వెలుగూ పోయింది.

నా కొడుక్కి ఏడాది నిండాక, బిలాస్‌పూర్ వచ్చినప్పుడు, నాన్నని అడగకుండానే టాక్సీ మాట్లాడాను. బిడ్డని పైడమ్మ అత్త దగ్గర వదిలాను. అమ్మని ఎక్కించి, శ్రీనుని ముందు కూర్చోబెట్టి, అచానక్‌మార్ బయల్దేరాను. కోటా దాటడానికి గంటన్నర కూడా పట్టలేదు. ఇంత దగ్గరా అనిపించింది. ఇప్పుడు ఆ దారి ఇంకా నునుపైంది, తమ్ముడి పిల్లలు ఫోను మీద వేలు ఆడించి జీపులు, గదులు, భోజనాలు అన్నీ కుదుర్చుకుంటారు. మాకు అప్పుడు దారి కష్టమై ఆగిపోలేదు. గంటన్నర దారి. అంత చిన్న పని చెయ్యడానికి ఇంట్లో ఒక్కరికీ తీరిక దొరకలేదు.

అడవి మధ్యలో ఒకచోట కారు ఆపించి అమ్మని దింపాను. చలికి శాలువా బిగించుకుని, నా భుజం పట్టుకుని నిలబడింది. తల కాస్త ఎత్తి, "ఏటున్నాయే?" అని అడిగింది.

"చెట్లమ్మా."

"ఏ సెట్లు?"

నాకు తెలియదు. శ్రీను, "సాల్ హై" అన్నాడు. "సరయి అనాల" అంది అమ్మ. ఇప్ప చెట్టుందా, తునికి ఉందా అని అడిగింది. ఆకు ఎలా ఉందో చెప్తే తను పోల్చుకుంటానంది. నేను ఆకుల వంక చూసి, పచ్చగా ఉన్నాయి, పెద్దగా ఉన్నాయి అని చెప్పగలిగానే గాని, ఏ ఒక్కదాని రూపమూ అమ్మ కళ్ళకి కట్టేలా చెప్పడానికి నా దగ్గర మాట లేకపోయింది. అమ్మ పప్పు రుబ్బుకుంటూ చెప్పిన రోజుల్లో వినుంటే వచ్చి ఉండేవి. అమ్మ నవ్వింది. "పచ్చగా కాక నల్లగా ఉంతాయేటే ఆకులు" అంది. శ్రీను ఒక కొమ్మ విరిచి తెచ్చి చేతిలో పెడితే, ఆకు తడిమి, నలిపి, వాసన చూసి, "ఇది సార సెట్టు కొమ్మరా. దీని పప్పు మా యమ్మ పరవన్నంలో ఏసేది" అని చెప్పి, ఆ ఆకుని మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుంది. రోడ్డు మీద ఒక లారీ పోయింది.

అప్పుడిక ఆగలేకపోయాను. ఏళ్ళ తరబడి లోపల పెట్టుకున్నది బయటికి వచ్చేసింది. "అమ్మా, ఆ రోజు నేను రేఖని పిలవకుండా ఉండాల్సింది. నేనే దిగిపోవాల్సింది" అన్నాను.

అమ్మ నా గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది. ఆ కళ్ళు నా చెవి పక్కగా, దూరంగా ఎక్కడికో చూస్తున్నాయి. "ఏ రోజే?" అంది.

నేను చెప్పబోయాను. జీపు అన్నాను, ఆదివారం అన్నాను. అమ్మ అడ్డొచ్చింది. "నీ కొడుకు నిద్ర నేచే ఏళైంది. పాలకి ఏడుస్తాడు. పద" అంటూ నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, తనకే దారి కనబడుతున్నట్టు, కారు వైపు రెండడుగులు వేసింది. అటు కాదమ్మా, ఇటు, అని నేను తిప్పాను. కారులో కూర్చున్నాక కూడా ఆ చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత వానాకాలంలో అమ్మ పోయింది. 'ఏ రోజే' అని నిజంగా గుర్తులేకే అడిగిందో, నన్ను చెప్పనివ్వకూడదనే అడిగిందో, నాకు తెలియదు.